టీచరమ్మ ట్రంకు పెట్టెలో వెండి: ఒక కడప కుటుంబం కేసు

ఈ కేసులో క్లయింటు కడపలో ఉండే రిటైర్డ్ ప్రభుత్వ టీచరు. వయసు అరవై రెండు. భర్త లేరు. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూతురు పెళ్లయి అనంతపురంలో ఉంటుంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. నేను ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా చెబుతాను. ఏ ఫండు కంపెనీ నుంచీ, ఏ నగల అంగడి నుంచీ కమిషన్ తీసుకోను. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. వెండి రేటు పెరిగినప్పుడల్లా మా సీమ ఇళ్లలో ఇదే ప్రశ్న లేస్తుంది, ఇదే తొందరలో జనం నష్టపోతారు.

2025 దీపావళి అయిన వారంలో తల్లీకొడుకులు వచ్చారు. అప్పటి వాతావరణం గుర్తుండే ఉంటుంది. అక్టోబర్‌లో అంతర్జాతీయ మార్కెట్‌లో వెండి ఔన్సు 50 డాలర్లు దాటింది. ధన్‌తేరస్ ముందు హైదరాబాద్ రేటు కిలో రెండు లక్షల పైకి వెళ్లింది. అదే రోజుల్లో సరుకుల ఎక్స్ఛేంజి అయిన ఎంసీఎక్స్‌లో లక్షా డెబ్బై వేలు తాకి, అక్కడి నుంచి జారడం మొదలైంది. వెండి ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలా కొని అమ్ముకునే వెండి ఫండ్లు, లోపలున్న వెండి విలువ కంటే బాగా ఎక్కువ ధరకు చేతులు మారుతుంటే, కొన్ని ఫండు కంపెనీలు ఆ ఈటీఎఫ్‌లలోనే డబ్బు పెట్టే తమ వెండి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో ఒకేసారి పెద్ద మొత్తాలు తీసుకోవడం తాత్కాలికంగా ఆపేశాయి.

కొడుకు అన్నీ చదువుకుని వచ్చాడు. అమ్మకు రిటైర్‌మెంట్‌లో వచ్చిన డబ్బు 28 లక్షలు బ్యాంకులో ఉంది. అందులో పది లక్షలు వెండిలో పెట్టాలని, అందులోనూ ఎక్కువ భాగం ఎంసీఎక్స్ ఫ్యూచర్స్‌లో, అంటే కొంత సొమ్మే ముందు కట్టి పెద్ద మొత్తం వెండికి చేసుకునే ఒప్పందాల్లో, పెట్టాలని అతని ప్లాను. "రేటు తగ్గింది సార్, ఇదే కొనే టైము" అన్నాడు. టీచరమ్మ ప్రశ్న వేరు. అత్తగారి ట్రంకు పెట్టెలో పాత వెండి ఉంది. ప్రొద్దుటూరులో ఒక అంగట్లో చూపిస్తే కిలోకు అరవై వేలు ఇస్తామన్నారట. "టీవీలో లక్షన్నర అంటారు, వీళ్లేమో అరవై వేలంటారు. ఎవరి మాట నమ్మేది సార్? ఇదంతా కలిపితే ఎంతొస్తాది?"

కొడుకు ప్రశ్న కంటే ముందు తల్లి ప్రశ్నకే జవాబు చెప్పాలని నిర్ణయించుకున్నాను. పెట్టెలో ఉన్న వెండి ఎంతో తెలియకుండా కొత్తగా ఎంత కొనాలో చెప్పడం కుదరదు.

పెట్టెలో ఉన్నవి

మూడు రకాలు తేలాయి. 84 రూపాయి నాణేలు. కడియాలు, వడ్డాణం, పట్టీలు, గొలుసులు కలిపి రెండు కిలోల పైన. తర్వాత చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణె, కుంకుమ భరిణెల లాంటి పూజ సామాను. పూజ సామాను ఆమె రోజూ వాడుతుంది. దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

నాణేలను ఆమె అన్నీ ఒకటే అనుకుంది. "అన్నీ రాజు బొమ్మ రూపాయలే కదా సార్!" ముందు ఒక అయస్కాంతం పెట్టి చూశాం. నాలుగు నాణేలు టక్కున అతుక్కున్నాయి. అవి వెనకవైపు పులి బొమ్మ ఉన్న 1947 రూపాయలు. అవి పూర్తిగా నికెల్, వెండి రవ్వంత కూడా లేదు. మిగిలిన 80ని సంవత్సరం చూసి రెండు కుప్పలు చేశాం.

మొదటి కుప్ప విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, అయిదో జార్జి బొమ్మలవి. 61 నాణేలు. ఈస్టిండియా కంపెనీ 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టినప్పుడు దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. అంటే ఒక్కో నాణెంలో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. వందేళ్లకు పైగా ఈ కొలత మారలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి, 1940లో ప్రభుత్వం దాన్ని సగానికి దించింది. ఆరో జార్జి బొమ్మతో 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిలో వెండి సగమే. మిగతాది రాగి, నికెల్, జింకు. బరువు మాత్రం అదే తులం. ఆ అంచును వేలితో తడిమితే గీతల మధ్య సన్నటి గాడి తగులుతుంది. దొంగ నాణేలను అడ్డుకోవడానికి పెట్టిన గాడి అది. ఇలాంటివి 19 ఉన్నాయి.

గ్రాము 150 రూపాయల లెక్కన చూస్తే, మొదటి కుప్పలో ఒక్కో నాణెంలోని వెండి విలువ 1,600 దాకా వస్తుంది. రెండో కుప్పలో 875. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకే బరువు, ఒకే సైజు. తెలియని చోట అన్నీ కలిపి ఒకే రేటు కట్టించుకుంటే నష్టం ఎవరిదో చెప్పనక్కర్లేదు.

అరుగుదల ఉంది కాబట్టి కాటా మీద తూచాం. 61 నాణేలు 704 గ్రాములు తూగాయి, అందులో వెండి 645. పందొమ్మిది నాణేలు 221 గ్రాములు తూగాయి, అందులో వెండి 110. రెండూ కలిపితే దాదాపు 756 గ్రాముల స్వచ్ఛమైన వెండి.

నాణేలు పాతవి కాబట్టి లక్షలు పలుకుతాయని కొడుకు ఎక్కడో విన్నాడు. సాధారణంగా పలకవు. ఇవి కోట్ల సంఖ్యలో ముద్రించినవి. 1911 నాటి అయిదో జార్జి రూపాయికి కొంచెం గిరాకీ ఉంటుంది. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవై, దాన్ని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేశారు. 1939 నాటి ఆరో జార్జి రూపాయి నిజంగానే అరుదు, అందుకే దానికి నకిలీలు ఎక్కువ. ఈ పెట్టెలో రెండూ లేవు. అయినా ఒక మాట గట్టిగా చెప్పాను: చింతపండుతో గానీ పీతాంబరి పొడితో గానీ తోమొద్దని. తోమితే మెరుస్తాయి, కానీ సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని పక్కన పెట్టేస్తారు. ఇంకో విషయం. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువే. దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న బంధువుకు బహుమతిగా పంపుదామని టీచరమ్మ అనుకుంటోంది. వద్దన్నాను.

ఇక్కడే ఇంకొకటి చెప్పాలి, ఈ కేసుకు అవసరం లేకపోయినా మా ప్రాంతానికి అవసరం. పాత ఇల్లు పడగొడుతుంటే పునాదిలోనో గోడలోనో నాణేల కుండ దొరికితే, అది పెట్టెలోని వారసత్వం కిందికి రాదు. 1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. గుట్టుగా కరిగించుకుంటే నేరం.

కరిగించే చోట

నగల్లోంచి ముందు ఒక జత కడియాలు పక్కకు తీయించాను. కూతురు ఫోన్లో "నాయనమ్మ కడియాలు అమ్మకండమ్మా" అంది. అమ్మే నిర్ణయం రేటును బట్టి తీసుకున్నా, ఉంచుకునే నిర్ణయం రేటును బట్టి తీసుకోకూడదు. అవి పోగా మిగిలిన నగలు 2,300 గ్రాములు.

అంగడి వాళ్లు చెప్పిన కిలోకు అరవై వేల లెక్కన వీటికి 1 లక్షా 38 వేలు వస్తాయి. అది మోసమని నేను అనలేదు. లోపల ఏముందో తెలియని సరుకుకు కొనేవాడు తన భద్రత చూసుకుని రేటు చెబుతాడు. లోపల ఏముందో మనం తేల్చుకుని వెళ్తే ఆ భద్రత మార్జిన్ అడగడానికి అతనికి వీలుండదు. అందుకని ప్రొద్దుటూరులోనే, నగలు కొనకుండా కరిగించి టచ్ మాత్రం, అంటే నూటికి ఎన్ని పాళ్లు వెండో, తీసి ఇచ్చే చోటికి వెళ్లాం. చుట్టుపక్కల జిల్లాల బంగారు వ్యాపారమంతా ఆ ఊరి బజార్లలో తిరుగుతుంది కాబట్టి ఈ పని చేసేవాళ్లు అక్కడ దొరుకుతారు.

పెద్ద కడియాలను సుత్తితో తట్టగానే లోపలి నుంచి నల్లటి లక్క రాలింది. బోలు కడియాలు అవి. పైన వెండి రేకు, లోపల బరువు కోసం, సొట్ట పడకుండా ఉండడం కోసం లక్క. వడ్డాణానికి ఎర్రరాళ్లు, గొలుసులకు దారాలు ఉన్నాయి. అన్నీ తీసేసి తూస్తే 2,050 గ్రాములు. టీచరమ్మ ముఖం చిన్నబోయింది. నిజానికి ఆ పావు కిలో ఎప్పుడూ వెండి కాదు.

కరిగించే ముందే మెషీన్‌లో పెట్టి టచ్ చూద్దామని కొడుకు అన్నాడు. ఎక్స్‌రే మెషీన్ పైపొరను మాత్రమే చదువుతుంది. పాత నగకు పైన మెరుగు పెట్టి ఉంటే మెషీన్ 90 చూపించి, లోపల 60 ఉండొచ్చు. టంకం వేసిన అతుకుల దగ్గర ఇంకా తక్కువ. అన్నీ కలిసి ఒకే ముద్ద అయ్యాక తీసిన టచ్‌నే నమ్మాలి. కరిగించే ఆయన నగలను మూసలో వేసి, పైన వెలిగారం చల్లి, మంట పెట్టాడు. కాసేపటికి మురికంతా గాజులా పైకి తేలింది, కింద వెండి అద్దంలా కదిలింది. అచ్చులో పోసి, చల్లార్చి, ముద్ద మూల నుంచి చిన్న తునక కోసి మెషీన్ కింద పెట్టాడు. ముద్ద బరువు 2,010 గ్రాములు. టచ్ 71.

అంటే స్వచ్ఛమైన వెండి 1,427 గ్రాములు. గ్రాము 150 చొప్పున 2 లక్షలా 14 వేలు. ఆ నెలాఖరుకు ఎంసీఎక్స్ రేటు కిలో లక్షన్నర దగ్గరికి దిగింది, ముద్దలు కొనేవాళ్లు దాన్నే ఆధారం చేసుకుంటారు. జీఎస్టీ, కొరత ప్రీమియం కలిపి టీవీలో చెప్పే ఊరి రేటు అమ్మేవాడికి రాదు. శుద్ధి చేసే ఖర్చు, లాభం కింద నూటికి మూడు తగ్గించుకుని ఇంకొక వ్యాపారి 2 లక్షలా 7 వేల చిల్లర బ్యాంకు ఖాతాకు పంపాడు. మొదట చెప్పిన 1.38 లక్షలకూ దీనికీ తేడా దాదాపు 70 వేలు. ఇందులో మా తెలివి ఏమీ లేదు. సరుకు ఏమిటో కాగితం మీద తేల్చి అమ్మాం, అంతే.

పాత వెండి సంగతి ఇలా ఉంటే కొత్తది కొనేవాళ్లకూ ఇదే సమస్య. పట్టీల అంగట్లో "వెండి" అన్న మాట చాలదు, ఎంత టచ్ అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. ఈ కేసు నాటికి వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాలేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి బంగారానికి లాగే వెండి నగల మీద కూడా ఒక్కో నగకు ఒక్కోటిగా ఉండే ఆరు అంకె-అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు వేయించుకునే వీలు వచ్చింది. 925 అని ఉంటే నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి. ఆ గుర్తు ఉన్నదే కొనమని ఎవరడిగినా చెబుతాను.

"ఒకప్పుడు ఇదే డబ్బు కదా సార్"

కొడుకు వాదనలో అసలు బలం ఇక్కడుంది. వేల ఏళ్లు వెండే డబ్బు, కాగితం డబ్బు మొన్నటిది, మళ్లీ వెండి డబ్బవుతుంది, అప్పుడు బంగారంతో దాని నిష్పత్తి పూర్వంలాగా పదిహేనుకు ఒకటి అవుతుంది అని అతను నమ్మాడు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ మన జిల్లా చరిత్రే దీనికి జవాబు చెబుతుంది.

1800లో నిజాం ఈ దత్తమండలాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించి, మన్రో ఇక్కడ కలెక్టరుగా శిస్తు కట్టినప్పుడు లెక్కలు వరహాల్లో ఉండేవి. వరహా బంగారం. 1818లో మద్రాసు ప్రభుత్వం ప్రమాణ నాణేన్ని వెండి రూపాయికి మార్చింది. అప్పటినుంచి రైతు దృష్టిలో వెండే డబ్బు. ఎందుకంటే టంకశాలకు ఎవరు వెండి తీసుకెళ్లినా కొద్దిపాటి రుసుము మినహాయించుకుని తూకానికి సరిపడా రూపాయలు కొట్టి ఇచ్చేవారు. కాళ్ల కడియం అంటే ఆపదకు దాచుకున్న రూపాయలే. 1876-78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అప్పుడు జనం వెండి నగలు అమ్ముకుని గింజలు కొన్నారు. ఆ నగలు షరాబుల చేతుల మీదుగా టంకశాలకు చేరి మళ్లీ రూపాయలయ్యాయి.

ఆ దారి 1893 జూన్ 26న మూసుకుపోయింది. 1870ల్లో జర్మనీ, అమెరికా లాంటి దేశాలు వెండిని వదిలి బంగారం వైపు మళ్లాయి. వెండి ధర పడిపోయింది, దాంతోపాటు బ్రిటిష్ డబ్బులో రెండు షిల్లింగుల దగ్గరుండే రూపాయి షిల్లింగూ కాలు దగ్గరికి దిగింది. బంగారంలో లండనుకు చెల్లింపులు చేయాల్సిన ప్రభుత్వానికి అది భారమైంది. ఒక చట్టంతో టంకశాలల్లో జనం తెచ్చిన వెండికి రూపాయలు కొట్టడం ఆపేశారు. రూపాయి విలువను సర్కారు పట్టి నిలిపింది. పెట్టెలోని కడియం విలువ మాత్రం వెండి ధరతో పాటే పడుతూ పోయింది. రూపాయీ కడియమూ ఒకే లోహం, కానీ ఆ రోజు నుంచి ఒకటి డబ్బు, ఇంకొకటి సరుకు. నా దృష్టిలో మన పల్లెల పొదుపుకు తగిలిన పెద్ద దెబ్బల్లో ఇదొకటి, దీని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

దీనికి తలకిందులుగా కూడా ఒకసారి జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర ఎగబాకింది, రూపాయలను కరిగిస్తేనే లాభం అనే పరిస్థితి వచ్చింది. 1917లో సర్కారు రూపాయి నోటు తెచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన డాలర్లు కరిగించి దాదాపు 20 కోట్ల ఔన్సుల వెండిని ఇండియా కోసం అమ్మింది. ఆ తర్వాత 1940లో సగం వెండి, 1947లో నికెల్. టీచరమ్మ బల్ల మీద మేం వేరుచేసిన మూడు కుప్పలే ఈ చరిత్ర.

అందుకని కొడుకుతో ఇలా అన్నాను: "బాబూ, వెండి ధర పెరగొచ్చు. కానీ అది డబ్బు కావడం, కాకపోవడం ఏ సర్కారో ఒక సంతకంతో తేల్చే విషయం. దాని మీద అమ్మ పెన్షన్ డబ్బు పందెం కట్టలేం."

అతని రెండో వాదన పరిశ్రమల వాడకం. అందులో నిజం ఎక్కువ. ప్రపంచంలో ఏటా వాడే వెండిలో సగానికి పైగా పరిశ్రమలకే పోతుంది. ఓర్వకల్లు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు దారిలో వెళ్లేవాళ్లు చూసే పలకల్లో, ప్రతి సెల్లు మీదా కనిపించే సన్నటి తెల్ల గీతలు వెండి పేస్టుతో వేసినవే. పైగా వెండిలో అధిక భాగం సీసం, జింకు, రాగి గనుల్లో ఉపఉత్పత్తిగా వస్తుంది. వెండి ధర పెరిగిందని జింకు గని వాడు తవ్వకం రెట్టింపు చేయడు. 2021 నుంచి ఏటా వాడకం కంటే సరఫరా తక్కువగానే ఉంది. ఇవన్నీ నిజాలే. ధర బాగా పెరిగితే సోలార్ కంపెనీలు సెల్లుకు వాడే వెండిని తగ్గించి రాగి వైపు మళ్లుతున్నాయి, అదీ నిజమే.

ఎంసీఎక్స్ లెక్క

దీని మీద మాటలు పెంచకుండా కాగితం తీసుకుని లెక్క వేశాం. ఫ్యూచర్స్‌లో ఒక ఒప్పందానికి ఉండే తూకాన్ని లాటు అంటారు, పెద్ద లాటు 30 కిలోలు. కిలో 1.70 లక్షల దగ్గర ఒక లాటు విలువ 51 లక్షలు. చేతి నుంచి కట్టే మార్జిన్ అందులో పదో వంతుకు కాస్త పైన, అంటే అయిదారు లక్షలు. ధర కిలోకు వెయ్యి తగ్గితే నష్టం 30 వేలు. ఆ అక్టోబర్‌లోనే రెండు వారాల్లో ఇరవై వేలు తగ్గింది. అంటే ఆరు లక్షలు. కట్టిన మార్జిన్ మొత్తం పోయినట్టే. మధ్యలో బ్రోకరు ఇంకా డబ్బు కట్టమంటాడు, కట్టకపోతే తనే అమ్మేస్తాడు. అయిదు కిలోల మినీ, కిలో మైక్రో లాట్లు ఉన్నాయి నిజమే. నష్టం సైజు తగ్గుతుంది, స్వభావం మారదు.

తర్వాత పాత రేట్లు చూపించాను. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండి పోగేసిన రోజుల్లో ఔన్సు 50 డాలర్ల దాకా వెళ్లి, మార్చి 27 నాటికి 11 డాలర్ల లోపుకు పడింది. ఆ శిఖరాన్ని గట్టిగా దాటింది ఈ 2025 అక్టోబర్‌లోనే. మన రూపాయల్లో చూస్తే 2011 ఏప్రిల్‌లో కిలో 75 వేల దగ్గర ఉన్న వెండి, 2015 చివరికి 34 వేల దగ్గరికి వచ్చింది. మళ్లీ 75 వేలు చూసింది 2020 ఆగస్టులో. తొమ్మిదేళ్లు! అదే డబ్బు ఏడు శాతం డిపాజిట్‌లో ఉంటే ఒకటిన్నర రెట్లు దాటి పెరిగేది. అరవై రెండేళ్ల మనిషికి తొమ్మిదేళ్ల ఎదురుచూపు అంటే ఏమిటో ఆలోచించమన్నాను. టీచరమ్మ ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఏం చేశాం

ముందు ఉన్నదాన్ని లెక్కలోకి తెచ్చాం. నాణేల్లో వెండి 1.13 లక్షలు, నగల్లో 2.14 లక్షలు. బ్యాంకులో 28 లక్షలు. మొత్తం 31 లక్షల చిల్లరలో వెండి వాటా అప్పటికే నూటికి పది పైన ఉంది. స్థిరమైన పెన్షన్ ఉన్న ఆమెకు వెండి పదికి మించకూడదని, ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంటే బాగుంటుందని నా అంచనా. అంటే కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఉన్నదాన్ని, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా అమ్ముకోగలిగే రూపంలోకి మార్చడమే పని.

నగలు అమ్మగా వచ్చిన డబ్బులోంచి పన్ను ముందే పక్కన పెట్టించాను. వారసత్వంగా వచ్చినదానికి అత్తగారి దగ్గరున్న కాలం కూడా కలుస్తుంది కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం, పన్ను పన్నెండున్నర శాతం, పైన సెస్సు. 2001కి ముందు నుంచీ ఉన్న ఆస్తికి ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అప్పుడు వెండి కిలో ఎనిమిది వేలు కూడా లేదు. అంటే వచ్చిందంతా దాదాపు లాభమే. పన్ను పాతిక వేల పైచిలుకు తేలింది.

"దేవుడి దగ్గర పెట్టిన రూపాయలకు కూడా పన్నేంటి సార్?" అని ఆమె అడిగింది. నాణేలు అప్పుడే అమ్మకపోయినా, తెలుసుకోవాల్సిన విషయమే. లక్ష్మీపూజలో పెట్టే బంగారు, వెండి నాణేలు, వెండి కడ్డీలు వ్యక్తిగత వాడకం వస్తువులు అవుతాయా అన్న ప్రశ్న మహారాజా రాణా హేమంత్ సింగ్‌జీ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కావని 1976లో కోర్టు తేల్చింది. అమ్మితే పన్ను ఉంటుంది.

నగలకు బిల్లులు లేవు. ఎవరింట్లో ఉంటాయి! అందుకే కరిగించక ముందు కాటా మీద ఫొటోలు తీశాం. కుటుంబ సభ్యుల సంతకాలతో వారసత్వ వివరం రాయించాం. కరిగించిన చోటి చీటీ, అమ్మిన రసీదు, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టాం. నగదు ముట్టలేదు. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టప్రకారం తప్పు కూడా.

మిగిలిన 1 లక్షా 80 వేలలో లక్ష వెండి ఈటీఎఫ్‌లోకి, నెలకు పదివేల చొప్పున. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో అనుమతిస్తే 2022 జనవరి నుంచి మన దేశంలో ఇవి ఉన్నాయి. తరుగు, మజూరీ, దొంగల భయం లేవు. కొనే ముందు ఒకటే చూసుకోవాలి: స్క్రీన్ మీది ధర, ఆ క్షణానికి లోపలున్న వెండి విలువ పక్కపక్కన పెట్టి చూడాలి. అక్టోబర్ మధ్యలో లాగా ధర బాగా ఎక్కువుంటే ఆ రోజు కొనకూడదు. మా కొనుగోలు ఆ ప్రీమియం కరిగిపోయాకే మొదలైంది. మిగతా 80 వేలు ఆమె వైద్య ఖర్చుల డిపాజిట్‌లో కలిశాయి. నాణేలు లాకర్‌లో ఉన్నాయి. కరిగించడానికి నేను ఒప్పుకోలేదు. నాణెం నాణెంగా ఉంటే దాని టచ్ అందరికీ తెలిసిందే, కరిగిస్తే మళ్లీ పరీక్ష పెట్టుకోవాలి.

అమ్మకుండా తాకట్టు పెడితే ఎలా ఉంటుందని కూడా చూశాం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో వెండి నగల మీద పది కిలోల దాకా, వెండి నాణేల మీద 500 గ్రాముల దాకా అప్పు ఇచ్చే ఏర్పాటు ఉంది. పంట పెట్టుబడికి రెండు మూడు నెలల డబ్బు కావాల్సిన ఇళ్లకు అది పనికొస్తుంది. ఈమెకు అప్పు అవసరమే లేదు.

డిసెంబర్ ఫోన్

డిసెంబర్ చివరి వారంలో ఎంసీఎక్స్‌లో వెండి రెండున్నర లక్షలు తాకింది. కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "చెప్పాను కదా సార్. పది లక్షలు పెట్టి ఉంటే..."

అతని అంచనా దిక్కు సరైనదే. అది ఒప్పుకున్నాను. తర్వాత అక్టోబర్ కాగితం తీసి చూసుకోమన్నాను. అందులో లెక్క వేసింది 1.70 దగ్గర మార్జిన్ మీద కొన్నవాళ్ల సంగతి. నెలాఖరుకు ధర లక్షన్నర దగ్గరికి వచ్చినప్పుడే ఆ లాటు చేజారిపోయేది. డిసెంబర్ రేటు వచ్చేసరికి అలా కొన్నవాళ్లు మార్కెట్‌లోనే ఉండేవాళ్లు కాదు. ఆ రెండున్నర లక్షలు తాకిన రోజున కూడా గంటల్లోనే ఇరవై వేల పైన కిందికి జారింది. 30 కిలోల లాటు మీద అది ఆరు లక్షల ఊపు.

అప్పు లేకుండా పది లక్షలు పెట్టి ఉంటే మాత్రం లాభం వచ్చేది. అదీ నిజం. అయినా అదే పరిస్థితిలో ఇంకో అరవై రెండేళ్ల మనిషి వస్తే నా సలహా మారదు. ఎందుకంటే 2011 ఏప్రిల్‌లో కూడా వెండి పెరుగుతుందనడానికి కారణాలు ఇంతే బలంగా ఉండేవి. టీచరమ్మకు ఉన్న వెండి విలువ ఆ రెండు నెలల్లో బాగానే పెరిగింది, వాటా మళ్లీ హద్దు దాటితే కొంత అమ్మి డిపాజిట్‌లోకి మార్చాలని ముందే రాసుకున్నాం. హద్దు దాటిందో లేదో ఏడాదికి రెండుసార్లు చూస్తాం, రోజూ చూడం.

చివరగా వీలునామా పని. నాణేలు చెరి నలభై అని టీచరమ్మ రాయబోయింది. అలా పంచితే సగం వెండి రూపాయలన్నీ ఒకరికే పోయే ప్రమాదం ఉంది. అందుకని రెండు కుప్పలనూ విడివిడిగా పంచాం. 61లో కూతురికి ముప్పై ఒకటి, కొడుక్కి ముప్పై. పందొమ్మిదిలో కొడుక్కి పది, కూతురికి తొమ్మిది. ఆ తేడాకు సరిపడా దాదాపు అయిదు గ్రాముల వెండి విలువను డబ్బు రూపంలో కొడుక్కి కలిపాం. నాలుగు నికెల్ పులి రూపాయలు మనవడికి రాసింది. నాణేల జాబితా, సంవత్సరాలు, తూకాలతో సహా ఒక కాపీ లాకర్‌లో, ఒకటి కూతురి దగ్గర ఉన్నాయి. ఈటీఎఫ్ ఖాతాకు ఇద్దరినీ నామినీలుగా పెట్టాం.